పెరూ టూర్‌లో ఒక్క మ్యూజియానికే టైముంటే ఏది చూడాలి?

పెరూ వెళ్ళే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. లీమాలో దిగుతారు, కుస్కో ఫ్లైట్ పట్టుకుంటారు, రైలెక్కి మాచు పిచ్చు చూసి వచ్చేస్తారు. మధ్యలో ఎక్కడో ఒక పూట మిగులుతుంది. ఏదైనా మ్యూజియం చూద్దామని ఫోన్‌లో వెతికితే లీమాలోనే అరడజను పేర్లు వస్తాయి, కుస్కోలో మరికొన్ని. ఉత్తరాన సిపాన్ రాజ సమాధుల మ్యూజియం చూడకపోతే పెరూ చూడనట్టేనని ఒకరంటారు. కొలంబియా మీదుగా వచ్చేవాళ్ళను బొగొటా గోల్డ్ మ్యూజియం ఊరిస్తుంది. అన్నీ చూడడం అయ్యే పని కాదు. పైగా మూడో మ్యూజియానికి వచ్చేసరికి ఏ కుండ చూసినా ఒకేలా కనిపిస్తుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. తొలిసారి వెళ్తుంటే లీమాలోని లార్కో, అదీ మాచు పిచ్చుకు ముందు. చరిత్ర మీద గట్టి ఆసక్తి ఉండి, చేతిలో రెండు రోజులు అదనంగా ఉంటే సిపాన్. మిగతావి ఎవరికి పనికొస్తాయో కింద చూడండి.

## ముందు బంగారం సంగతి

చాలామంది ఇన్కాల బంగారం చూడాలని బయలుదేరుతారు. అది పెద్దగా మిగల్లేదు. 1532లో కహమార్కాలో స్పెయిన్ సైనికులకు బందీగా చిక్కిన ఇన్కా రాజు అతవాల్పా, తన విడుదల కోసం ఒక గదిని ఒకసారి బంగారంతో, రెండుసార్లు వెండితో నింపిస్తానన్నాడు. వచ్చిన నగలు, పాత్రలు, విగ్రహాలన్నీ కరిగించి కడ్డీలు పోశారు. మరుసటి ఏడాది రాజునూ చంపేశారు. ఈరోజు పెరూ మ్యూజియాల్లో మెరిసే బంగారంలో ఎక్కువ భాగం ఇన్కాలకు ముందున్న మోచే, సికాన్, చిమూ ప్రజలది. సమాధుల్లో పూడ్చిపెట్టి ఉండబట్టి అది బతికింది.

ఇన్కాల సామ్రాజ్యం నిలిచింది కూడా సుమారు ఒక శతాబ్దమే. అంతకు ముందు చావిన్, పరాకస్, నాస్కా, మోచే, హువారి, చిమూ అంటూ రెండు వేల ఏళ్ళకు పైబడిన కథ ఉంది. మాచు పిచ్చు ఆ కథలో చివరి అధ్యాయం. మిగతా అధ్యాయాలు చూపించే మ్యూజియం కావాలా, చివరి అధ్యాయం ఒక్కటి చాలా అన్నది మొదట తేల్చుకోండి. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

## ఇంకేం చూసుకోవాలి

ప్రయాణంలో మ్యూజియం ఎంత మంచిదన్న ప్రశ్న కన్నా, అది మీ దారిలో ఉందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. దారిలో ఉంటే రెండు గంటల ఖర్చు. దారి తప్పి వెళ్ళాలంటే రెండు రోజులు.

తర్వాతది, వస్తువులు ఎలా చేరాయి అన్నది. కొన్ని మ్యూజియాలు ఒక వ్యక్తి సేకరణతో మొదలైనవి. అక్కడ వస్తువులు అందంగా ఉంటాయి, కానీ చాలావాటి విషయంలో ఏ సమాధిలో, ఎవరి పక్కన దొరికిందో తెలియదు. తవ్వకాల నుంచి నేరుగా పుట్టిన మ్యూజియంలో వస్తువులు తక్కువ ఉన్నా ప్రతిదానికీ చోటు, కథ ఉంటాయి. నాకు రెండోదే ఇష్టం. అయితే తొలిసారి చూసేవాళ్ళకు మొదటిదే తేలిక.

ఇక మీతో ఎవరున్నారన్నది. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు చూసుకోవాల్సినవి వేరు: మెట్లు, ఎత్తు ప్రదేశం, ఎముకలు, మమ్మీలు, ఇంకా లార్కోలో ఒక ప్రత్యేకమైన గది. భాష కూడా చూసుకోవాలి. స్పానిష్ రాకపోతే కొన్నిచోట్ల గైడ్ లేకుండా సగం అర్థం కాదు.

| మ్యూజియం | ఎక్కడ | కనీస టైమ్ | బలం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| లార్కో | లీమా, పుయెబ్లో లిబ్రే | 2–3 గంటలు | అన్ని కాలాలూ ఒకేచోట, తెరిచి ఉంచిన గోదాము | చాలా వస్తువులకు తవ్వకాల వివరం లేదు |
| జాతీయ పురావస్తు మ్యూజియం | లీమా, పుయెబ్లో లిబ్రే | 2 గంటలు | పరాకస్ వస్త్రాలు, చావిన్ శిల్పం | గదులు మూసి ఉండొచ్చు |
| ఇన్కా మ్యూజియం, కాసా కోంచా | కుస్కో | ఒక్కోటి గంటన్నర | ఇన్కాల రోజువారీ జీవితం | బంగారం ఆశించొద్దు |
| సిపాన్ రాజ సమాధులు | లంబాయెకే | సగం రోజు, ప్రయాణంతో 2 రోజులు | చెక్కుచెదరని సమాధి, పూర్తి కథ | దూరం, స్పానిష్ |
| గోల్డ్ మ్యూజియం | బొగొటా | 2–3 గంటలు | పోత పని, బంగారం | పెరూ కథ కాదు |

## లార్కో: తొలిసారి వెళ్ళేవాళ్ళకు

రఫాయెల్ లార్కో ఓయ్లే అనే ఆయన 1926లో ఉత్తర పెరూలోని తమ చెరకు ఎస్టేట్ చిక్లీన్‌లో ఈ మ్యూజియం పెట్టాడు. 1950లలో లీమాకు మారింది. ఇప్పుడున్నది వలస పాలన నాటి తెల్లని భవంతి. గోడల నిండా బోగన్‌విల్లియా, మధ్యలో తోట, తోటలో రెస్టారెంట్. ముందు గ్యాలరీలు కాలక్రమంలో నడిపిస్తాయి. వివరాలు ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి గైడ్ అక్కర్లేదు.

కానీ లార్కో అసలు విలువ గ్యాలరీల్లో లేదు, వెనకున్న గోదాములో ఉంది. మామూలుగా మ్యూజియంవాళ్ళు జనానికి చూపించని సరుకును ఇక్కడ అద్దాల అల్మారాల్లో నేల నుంచి కప్పు దాకా పేర్చి తెరిచి ఉంచారు. వేల కుండలు. వాటిని విషయాల వారీగా సర్దారు. ఒక వరుసంతా మొక్కజొన్న పొత్తులు, ఒక వరుస బంగాళాదుంపలు, తర్వాత గుడ్లగూబలు, కోతులు, రోగులు, చేతులు కట్టేసిన బందీలు, మనుషుల ముఖాలు. మోచే కుమ్మరులు మనిషి ముఖాన్ని అచ్చు గుద్దినట్టు కుండ మీదికి తెచ్చేవాళ్ళు. పెదవి మీద గాటున్న ఒకే వ్యక్తిని బాల్యం నుంచి ముప్పైల దాకా వేర్వేరు కుండల మీద పరిశోధకులు గుర్తించారు. ఇలాంటిది గాజు పెట్టెలో ఒక్క కుండ పెట్టి చూపిస్తే తెలియదు, వంద పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది.

ఆ గోదాములో ఒక పని చేయండి. మోచే సీసాల మూతులు గమనించండి. కుండ పైనుంచి రెండు గొట్టాలు వంపు తిరిగి లేచి, ఒక్క మూతిగా కలుస్తాయి. ఆ మూతి ఆకారాన్ని పట్టుకునే లార్కో మోచే కాలాన్ని ఐదు దశలుగా విడగొట్టాడు. తొలి దశల్లో మూతికి ఉబ్బెత్తు అంచు ఉంటుంది, చివరి దశకు వచ్చేసరికి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇది తెలిశాక అల్మారాల ముందు పిల్లలు కూడా ఆటలా "ఇది పాతది, ఇది కొత్తది" అని చెప్పేస్తారు.

ఇక ఆ ప్రత్యేకమైన గది సంగతి. మోచే వాళ్ళు శృంగారాన్ని దాపరికం లేకుండా మట్టిలో చేశారు. ఆ కుండలన్నీ విడిగా, తోట పక్కన వేరే గదిలో ఉన్నాయి. ప్రధాన గ్యాలరీల మధ్యలో హఠాత్తుగా ఎదురుపడవు. అత్తమామలతో వెళ్ళినా టెన్షన్ లేదు, వాళ్ళను రెస్టారెంట్‌లో కాఫీకి కూర్చోబెట్టి మీరు చూసి రావచ్చు.

లార్కో సోమవారం కూడా తెరిచే ఉంటుంది, సాయంత్రం దాకా చూడొచ్చు. లీమాలో మిగతా మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసేస్తారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మిరాఫ్లోరెస్‌లో హోటల్ తీసుకున్నవాళ్ళు మాత్రం లీమా ట్రాఫిక్‌ను తక్కువ అంచనా వేయొద్దు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ బయలుదేరితే కారులోనే పొద్దుపోతుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఎనిమిది తొమ్మిది గంటల లేఓవర్ ఉంటే వెళ్ళి రావచ్చు. ఐదు గంటలైతే ఆ సాహసం వద్దు.

## నడిచి వెళ్ళేంత దూరంలో జాతీయ మ్యూజియం

లార్కో నుంచి నడిస్తే ఇరవై నిమిషాల్లోపే. పెరూ పురావస్తు శాస్త్రానికి పెద్దదిక్కు అయిన హూలియో తెయ్యో సమాధి ఈ ఆవరణలోనే ఉంది. ఆయన బృందం 1927లో పరాకస్ ఎడారిలో తవ్వితే 429 మమ్మీ మూటలు బయటపడ్డాయి. ఒక్కో శవాన్ని పొరలు పొరలుగా బట్టల్లో చుట్టి పెట్టారు. రెండు వేల ఏళ్ళ నాటి ఆ ఎంబ్రాయిడరీ దుప్పట్ల రంగులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, ఎడారి పొడి వాతావరణం పుణ్యమా అని. పోచంపల్లి, ఉప్పాడ మగ్గాలు దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఇక్కడ ఊరికే దాటిపోలేరు. దుప్పటి నిండా ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది, రంగుల జత మాత్రం మారుతూ పోతుంది. ఆ మార్పులో ఒక లెక్క ఉందని కాసేపు నిలబడి చూస్తే పట్టుబడుతుంది.

రైమొండి రాతి ఫలకం కూడా ఇక్కడే. చావిన్ కాలపు దేవుడు రెండు చేతులా దండాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. దాన్ని ఫొటో తీసి ఫోన్ తలకిందులు చేసి చూడండి, కిరీటంలోంచి కొత్త ముఖాలు బయటికొస్తాయి.

ఇన్ని ఉన్నా దీన్ని మొదటి ఎంపికగా చెప్పలేకపోతున్నాను. కారణం ఒక్కటే: పాత భవనం, మరమ్మతుల పేరుతో గదులు మూసేయడం మామూలు. ఏ గదులు తెరిచి ఉన్నాయో ముందే కనుక్కోండి. పరాకస్ గది మూసి ఉంటే ఆ పూట లార్కోకే ఇవ్వండి. వస్త్రాలు కావాలంటే సిటీ మధ్యలో లీమా ఆర్ట్ మ్యూజియం, అంటే మాలి, ఉంది.

లీమాలోనే ప్రైవేట్ గోల్డ్ మ్యూజియం ఒకటుంది. పేరు చూసి చాలామంది అక్కడికే వెళ్తారు. 2001లో జరిగిన పరీక్షల్లో అక్కడి బంగారు వస్తువుల్లో చాలావరకు నకిలీవని తేలింది. అక్కడి ఆయుధాల సేకరణ మీద ఆసక్తి ఉంటే వెళ్ళండి, ప్రాచీన బంగారం కోసమైతే వద్దు.

## కుస్కోలో: మాచు పిచ్చు గోడల్లో లేనివి

కుస్కో సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. దిగిన రోజే కోటలు, కొండలు ఎక్కితే తలనొప్పి, ఆయాసం తప్పవు. మొదటి రోజుకు మ్యూజియమే సరైన పని, నెమ్మదిగా నడుస్తూ ఎక్కడైనా కూర్చోవచ్చు.

ఇక్కడ నా ఓటు కాసా కోంచాకు. హైరమ్ బింగమ్ 1911లో మాచు పిచ్చు చేరాడు, తర్వాతి ఏళ్ళలో తవ్వి తీసిన వస్తువులను అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి పట్టుకుపోయాడు. అవి తిరిగి రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఆ వస్తువులే ఈ ఇంట్లో ఉన్నాయి. మెరిసేవి ఏమీ లేవు. కుండలు, లోహపు పనిముట్లు, ఎముకల మీద చేసిన పరీక్షల ఫలితాలు. కానీ మాచు పిచ్చులో మీకు కనిపించేవి ఖాళీ గోడలే. ఆ గోడల మధ్య ఎవరు వండారు, ఎవరు లోహం కరిగించారు అన్నది ఇక్కడ చూసి వెళ్తే అక్కడి గైడ్ మాటల్లో ఏది నమ్మాలో, ఏది కట్టుకథో మీకే అర్థమవుతుంది.

ఇన్కా మ్యూజియంలో వస్తువులు ఎక్కువ, సర్దుబాటు పాతకాలం. చెక్క మీద రంగులద్దిన కేరో గ్లాసులు బాగుంటాయి. మమ్మీలున్నాయి, భయపడే పిల్లలుంటే చూసుకోండి. నజరేనాస్ వీధి చౌకులో ప్రీకొలంబియన్ (అంటే కొలంబస్ రాకకు ముందటి) ఆర్ట్ మ్యూజియం ఉంది. అందులోవి లార్కో నుంచి వచ్చినవే, కాబట్టి లార్కో చూసినవాళ్ళు వదిలేయొచ్చు. లీమాలో ఆగకుండా నేరుగా కుస్కో వచ్చేసినవాళ్ళకు మాత్రం అదే లార్కోకు బదులు.

ఒక జాగ్రత్త. కుస్కోలో అమ్మే టూరిస్ట్ టికెట్ కట్టలో ఈ మూడూ కలవవు, విడిగా కొనాలి. "అన్నీ వస్తాయి" అని కౌంటర్ బయట ఎవరైనా అంటే టికెట్ వెనక ఉన్న జాబితా చదువుకోండి.

## సిపాన్: దూరమే, కానీ

1987 మొదట్లో ఉత్తర తీరంలో, సిపాన్ అనే పల్లె పక్కనున్న మట్టి పిరమిడ్‌ను దొంగలు తవ్వేశారు. బంగారం బజారుకొచ్చింది. పోలీసులు వాల్టర్ ఆల్వా అనే పురావస్తు శాస్త్రవేత్తను పిలిచారు. దొంగలు చేరని చోట ఆయన బృందం తవ్వితే, సుమారు క్రీ.శ. 250 నాటి మోచే పాలకుడి సమాధి చెక్కుచెదరకుండా దొరికింది. మన నాగార్జునకొండలో ఇక్ష్వాకులు ఏలుతున్న రోజులవి. సిపాన్ ప్రభువు చుట్టూ స్త్రీలు, యోధులు, ఒక పిల్లవాడు, ఒక కుక్క. సమాధి పైభాగంలో కాపలాదారుడు. అతని పాదాలు లేవు, కదలకుండా ఉండటానికి నరికేశారని భావిస్తారు.

2002లో లంబాయెకే ఊళ్ళో తెరిచిన మ్యూజియం ఎర్రని మోచే పిరమిడ్ ఆకారంలో ఉంటుంది. ర్యాంప్ మీదుగా పై అంతస్తులోకి వెళ్ళి అంతస్తు తర్వాత అంతస్తు కిందికి దిగాలి. తవ్వినవాళ్ళు పైనుంచి కిందికి ఎలా చేరారో మీరూ అదే వరుసలో చేరతారు, చివర్లో సమాధి. ఫోన్లు, కెమెరాలు బయటే పెట్టించేస్తారు. మొదట చిరాకుగా ఉంటుంది. పది నిమిషాల తర్వాత ఎవరూ సెల్ఫీ కోసం అద్దానికి అడ్డం నిలబడకపోవడం ఎంత హాయో తెలుస్తుంది.

రెండు వస్తువుల దగ్గర తొందరపడకండి. ఒకటి, చెవి ఆభరణం. బంగారం, నీలిరాయి పొదిగిన గుండ్రటి బిళ్ళ మధ్యలో బొటనవేలంత యోధుడు. అంత చిన్న బొమ్మ మెడలో కూడా గుడ్లగూబ తలల దండ ఉంది, ముక్కుకు వేలాడే పోగుంది. రెండోది, వేరుశనగ కాయల హారం. కుడివైపు పది బంగారు కాయలు, ఎడమవైపు పది వెండి కాయలు. కాయ నడుము నొక్కు, పెంకు మీది గీతలతో సహా చేశారు. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికానే. అనంతపురం రైతు కుటుంబం నుంచి వచ్చినవాళ్ళకు, తమ పంట ఒక రాజు మెడలో దేవుడి గుర్తులా వేలాడుతుంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. లీమా నుంచి చిక్లాయోకి ఫ్లైట్ గంటన్నర, అక్కడి నుంచి లంబాయెకే సుమారు 12 కిలోమీటర్లు. బస్సులో అయితే రాత్రంతా ప్రయాణం. ఒక రాత్రి అక్కడ ఉండక తప్పదు. వివరాలు ఎక్కువగా స్పానిష్‌లోనే, కాబట్టి ఇంగ్లీష్ గైడ్‌ను మాట్లాడుకోండి. సోమవారం సెలవు. ఎల్ నినో ఏడాదిలో ఫిబ్రవరి, మార్చి వానలకు ఉత్తర తీరంలో రోడ్లు కొట్టుకుపోతాయి, ఆ నెలల్లో వెళ్ళేవాళ్ళు వాతావరణం చూసుకుని టికెట్ కొనండి. అంత దూరం వెళ్ళాక దగ్గర్లోని తూకుమే మట్టి పిరమిడ్లు కూడా చూడండి, లేకపోతే ఫ్లైట్ ఖర్చుకు న్యాయం జరగదు.

## బొగొటా ఎవరికి?

కొలంబియా విమానంలో బొగొటా మీదుగా వెళ్తూ, ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి వెళ్ళే అనుమతి ఉన్నవాళ్ళకు మాత్రమే. ప్రత్యేకంగా దీనికోసం దారి మళ్ళించుకోమని చెప్పను. కానీ బంగారమే మీ మొదటి కోరిక అయితే, ఈ జాబితా మొత్తంలో దానికి సాటి లేదు.

1939లో కొలంబియా సెంట్రల్ బ్యాంకు కింబాయా పొపోరో అనే బంగారు పాత్రను కొనడంతో ఈ మ్యూజియం మొదలైంది. పొపోరో అంటే సున్నం పెట్టుకునే పాత్ర. మన తాంబూలానికి సున్నం ఎలాగో, కోకా ఆకు నమలడానికి వాళ్ళకు సున్నం అలాగ. 1969లో పాస్కా దగ్గర గుహలో రైతులకు దొరికిన ముయిస్కా ప్రజల బంగారు తెప్ప బొమ్మ ఇంకో అద్భుతం. పొడవు జానెడు, 20 సెంటీమీటర్లు కూడా ఉండదు. మధ్యలో పెద్దగా నాయకుడు, చుట్టూ చిన్న చిన్న పరివారం. ఎల్ డొరాడో కథ వెనకున్న సరస్సు పూజకు ఇదే రూపమంటారు. దీన్ని మైనపు నమూనాతో పోత పోశారు. మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసే పద్ధతి కూడా అదే: మైనంతో బొమ్మ, చుట్టూ మట్టి, వేడికి మైనం కారిపోతే ఆ ఖాళీలో లోహం. తెప్ప అంచున తీగల్లాంటి గీతలు చూడండి, అవి లోహంలో చెక్కినవి కావు, మైనపు తీగలు.

సోమవారం మూత. ఆదివారం ఉచితం కాబట్టి విపరీతమైన జనం. బొగొటా కూడా 2,600 మీటర్ల ఎత్తు, దిగగానే పరుగులు పెట్టకండి.

## మరి మీరు ఏది ఎంచుకోవాలి?

అమెరికా నుంచి థ్యాంక్స్‌గివింగ్ వారంలో వెళ్ళే కుటుంబాలకు వారం రోజులే ఉంటాయి. వాళ్ళు లార్కో, కాసా కోంచాతో ఆగిపోవడం మంచిది. సిపాన్‌ను ఇరికిస్తే కుస్కో దగ్గరున్న పవిత్ర లోయలో (సేక్రెడ్ వ్యాలీ) గడపాల్సిన ఒక రోజు పోతుంది, ఆ బేరం తొలిసారి వాళ్ళకు గిట్టదు.

పెద్దవాళ్ళు వెంట ఉంటే లార్కో. కూర్చునే చోటుంది, ఎత్తు సమస్య లేదు. ఆ రెస్టారెంట్‌లో శాకాహారం అడిగి చెప్పించుకోండి. పెరూలో "కూరగాయల సూప్" అన్నదాంట్లో కూడా కోడి రసం ఉండొచ్చు.

పదేళ్ళు దాటిన పిల్లలకు సిపాన్ లాంటిది మరొకటి లేదు. దొంగలు, పోలీసులు, సమాధి, పాదాల్లేని కాపలాదారుడు. వాళ్ళే మిమ్మల్ని లాక్కుపోతారు. ఐదారేళ్ళ వాళ్ళయితే లార్కో గోదాములో జంతువుల కుండలు చాలు.

మాచు పిచ్చు ఇప్పటికే చూసేసి రెండోసారి పెరూ వెళ్తుంటే కుస్కో వైపు పోకండి. ఉత్తరానికి వెళ్ళండి. సిపాన్ చూసి త్రుహీయో వైపు దిగితే, ఆ ఊరికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఎల్ బ్రూహో అనే మోచే పురావస్తు స్థలం ఉంది. 2005లో కావో మహిళ మమ్మీ దొరికింది అక్కడే. చేతుల మీద పాములు, సాలీళ్ళ పచ్చబొట్లతో ఉన్న ఆ పాలకురాలిని చూశాక, మోచే రాజ్యం మగవాళ్ళదే అనుకున్న పాత పుస్తకాలు తిరగరాయాల్సి వచ్చింది.

చివరిగా కొనుగోళ్ళ సంగతి. సిపాన్ దగ్గర గానీ, కుస్కో సందుల్లో గానీ ఎవరైనా చెవిలో "అసలైన పాత కుండ" అంటే దండం పెట్టి వచ్చేయండి. నకిలీ అయితే డబ్బు పోతుంది. అసలైనదైతే ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు, పెరూ చట్టం ప్రకారం పురావస్తువులు దేశం దాటించడం నేరం. మ్యూజియం షాపులో నకలు కొనుక్కుని, బిల్లు సూట్‌కేసులో పడేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి.